ఇరవయ్యో చింతపిక్క

గురువు తప్పు గురువుకే ఎలా చెప్పడమా అని ఖోన్ కేన్ ఆసుపత్రి మీటింగు గదిలో రచనీ నీళ్లు నములుతోంది. ఆచాన్ తావీ ఆమెకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు; అక్కడ గురువుని ఆచాన్ అనే పిలుస్తారు. ఆచాన్ మాట కాదన్నవాళ్లు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

కండరాలు కరిగిపోయే జబ్బు. ఆ దేశపు ఈశాన్య ప్రాంతమంతా గాలించినా దొరికింది తొమ్మిదిమంది పిల్లలే. ఇంత కొద్దిమందితో కొత్త మందు సంగతి తేల్చమంటే మామూలు లెక్కలు చేతులెత్తేస్తాయి. అందుకే గణాంకాలు చూసే రచనీ, ముందు డాక్టర్ల నమ్మకాన్ని కొలుద్దామంది. కాగితం మీద నాలుగు గళ్లు: హాని, దండగ, కొంచెం మేలు, బాగా మేలు. మనిషికి ఇరవై చింతపిక్కలు. ఎంత నమ్మకముంటే ఆ గడిలో అన్ని. తర్వాత పిల్లల ఫలితాలు వచ్చేకొద్దీ పిక్కలు పెరుగుతాయి, తరుగుతాయి. మొదట ఖాళీగా వదిలిన గడిలో మాత్రం ఎన్నటికీ ఏమీ మొలవదు.

ఆచాన్ చిటికెలో 'బాగా మేలు'లో గుట్ట పోశాడు. మిగతా మూడు గళ్లూ ఖాళీ.

"డాక్టరుగారు పిక్కలు పెట్టలేదు, స్తూపం కట్టారు," అంది నర్సు లమ్యై, తీపి చింతకాయ ఒలుచుకుంటూ. "ఇంక పిల్లలకి సూదులెందుకు, దండం పెట్టించి పంపేద్దాం."

"నీకు నోరెక్కువైంది," అన్నాడు ఆచాన్.

"ముప్పై ఏళ్లుగా అంతే కదండీ."

రచనీ ధైర్యం తెచ్చుకుంది. "ఆచాన్, రేపు మందు ఆ పిల్లలకి చెడు చేస్తున్నా ఈ కాగితానికి వినపడదండీ. దాని చెవులు మీరే మూసేశారు. హానిలో ఒక్క పిక్క వెయ్యండి, చాలు."

"వేస్తే అది ఎవరి మీద వేసినట్టమ్మా? ఆ తొమ్మిదిమందిలో ఎవరి మీద?"

రచనీకి చాలా బాధేసింది. ఏం చెయ్యాలో తోచక గుట్టలోని పిక్కలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"పంతొమ్మిదే ఉన్నాయి, ఆచాన్."

"ఒకటి మింగేశారేమో," అంది లమ్యై.

ఆచాన్ ఎడమ చెయ్యి ఇందాకటి నుంచీ బల్ల మీదికి రాలేదు. ఇప్పుడు తీసి, పిడికిలి విప్పాడు. పిక్క చెమటకి నిగనిగలాడుతోంది.

"ఆ పిల్లల తల్లులు నా మాటలు వినరమ్మా, మొహం చూస్తారు," అన్నాడు. "దీన్ని దాచిపెట్టడం అలవాటైపోయింది."

రచనీ కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. "దీన్ని తల్లులెవరూ చూడరండీ."

పిక్కని 'హాని' గడిలో పెట్టాడు గానీ, దాని మీంచి వేలు తియ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. లమ్యై ఒలిచిన చింతకాయ ఆయన చేతిలో పెట్టింది.