లచ్చి చేపిన పాఠం

తెల్లవారగానే రత్నరాజు చేసే పని ఒకటే. గేదె లచ్చికి తవుడు కలిపిన కుడితి పెట్టి, సావిడి ఊడ్చి, తువ్వాలు తలకి చుట్టుకుని పొదుగు దగ్గర కూర్చుంటాడు. పక్కనే పీట వేసుకుని భార్య ప్రేమమ్మ కబుర్లు మొదలుపెడుతుంది. కబుర్లంటే ఊసుపోక చెప్పుకునేవి కావు. గోంగూర తడి ఆరకుండా వేయిస్తే పచ్చడి ఎందుకు బూజు పడుతుందో, నారుమడిలో నీళ్ళు నిలవుంటే మొలక ఎందుకు కుళ్ళుతుందో, అలాంటివి విడమరిచి చెబుతుంది. ఆవిడ చెబుతూ ఉంటే లచ్చి పాలు చేపుతుంది, రత్నరాజు పితుకుతాడు.

నందివాడ పక్కన ఆ ఊళ్ళో లచ్చి సంగతి తెలియనివాళ్ళు లేరు. అది ఈని చాలా ఏళ్ళయింది. దూడా లేదు. ఇంకో గేదె అయితే ఎప్పుడో వట్టిపోయేది. దీనికి మాత్రం ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, తమకు నిజంగా అర్థమైన సంగతి ఒకటి చెప్పాలి. అంతే, పొదుగు నిండుతుంది. బట్టీ పట్టినవి చెబితే చుక్క రాలదు. సండేస్కూలు పిల్లలు ఊపిరి తీసుకోకుండా వాక్యాలు అప్పజెప్పినా అది తోకతో ఈగలు తోలుకుంటూ నిలబడేది. పాస్టరు ఎలీషా అయ్యగారు శనివారం సాయంత్రం వచ్చి మర్నాటి ప్రసంగం లచ్చికి వినిపించేవారు. పాలు వస్తే అదే చెప్పేవారు. రాకపోతే ఇంటికి వెళ్ళి మళ్ళీ బైబిలు తెరిచేవారు. పాలకేంద్రంలో వీరమ్మ వెన్న శాతం చూసి, "ఈ పూట ఎవరు చెప్పారు బాబాయ్, ప్రేమమ్మ పిన్నేనా? బాగా చెప్పిందే" అనేది. పశువుల డాక్టరు కూడా వచ్చి చూసి, కాళ్ళ గిట్టలు బాగున్నాయని చెప్పి వెళ్ళాడు.

ఆ ఇంట్లో లచ్చి దగ్గర నోరు విప్పనిది కూతురు దయామణి ఒక్కతే. గుడివాడలో ఆడిటరు ధర్మారావు గారి ఆఫీసులో పనిచేస్తుంది. సి.ఏ. ఫైనల్లో ఒక గ్రూపు గట్టెక్కింది. రెండోది ఎన్నిసార్లు రాసినా అందినట్టే అంది జారిపోతోంది. చదువు గురించి తండ్రి ఎప్పుడైనా అడిగితే, "మీకు అర్థం కాదులే నాన్నా" అనేది. రత్నరాజు నిజమే కాబోలు అనుకుని ఊరుకునేవాడు. పాపం, ఆ మాటకి ఆయన మనసు ఎంత చిన్నబోయేదో దయామణికి తెలియదు.

దసరా సెలవులయ్యాక ఒకరోజు ధర్మారావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నా చూపు ఇంక ఆగదమ్మా. మే నెలలో పరీక్ష ఉంది కదా. అందులో పాసయ్యావా, ఈ ఆఫీసు నీకే. సంతకం పెట్టే హక్కు లేకుండా నీ చేతిలో పెట్టినా ఉపయోగం లేదు. పాసు కాకపోతే ఫైళ్ళన్నీ విజయవాడ కంపెనీ వాళ్ళు తీసుకుంటారు. వాళ్ళు గుడివాడలో ఆఫీసు ఉంచరు."

కృత్తివెన్ను నుంచి రొయ్యల చెరువుల వాళ్ళు, చుట్టుపక్కల రైసుమిల్లుల వాళ్ళు, పన్ను నోటీసు రాగానే బస్సెక్కి వచ్చేసేది ఈ ఆఫీసుకే. చెమటలు కక్కుతూ వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, నోటీసు చదివి, కంగారేం లేదండీ అని చెప్పడం దయామణికి ప్రాణం. వేరే ఊళ్ళో ఇంకా పెద్ద ఉద్యోగమే దొరకొచ్చు. కానీ తనకి కావలసింది ఈ కుర్చీలు, ఈ మనుషులు.

సొంతంగా చదివి లాభం లేదని, ఈసారి మంచి కోర్సులో చేరాలని నిర్ణయించుకుంది. అక్కడ మొదలైంది అసలు అవస్థ. పెళ్ళిసంబంధాలు వెతకడమన్నా సులువేమో. ఫోను తెరిస్తే చాలు, మా కోర్సు అంటే మా కోర్సని ప్రకటనలు ఎగబడేవి. ఒకటే అబ్బాయి ఒకటే నవ్వుతో, ఒకటే పూలదండతో మూడు కోర్సుల ప్రకటనల్లో కనిపించాడు. అతను ఎవరి దగ్గర చదివి ర్యాంకు తెచ్చుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

చివరికి మూడు తేలాయి. ఒకటి హైదరాబాదు సారు ఆన్‌లైన్ క్లాసులు. రెండోది విజయవాడలో హాస్టల్లో ఉండి చదివేది. మూడోది బందరులో ఇందిరాదేవి గారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ, ఇంట్లోనే నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుంటారు.

"వాళ్ళు చెప్పేది ఫోన్లో వస్తుందంటున్నావు కదమ్మా. లచ్చికి వినిపిద్దాం" అన్నాడు రత్నరాజు.

దయామణికి ఆ ఆలోచన బాగానే ఉందనిపించింది. అయ్యగారి ప్రసంగాలే అది తేల్చి చెబుతుంటే, ఆడిట్ పాఠం ఒక లెక్కా?

విజయవాడ వాళ్ళ నమూనా క్లాసులో సగంసేపు ర్యాంకుల గొప్పలే. పాఠం మొదలయ్యాక గానీ లచ్చి కదల్లేదు. చెంబుడు ఇచ్చి సరిపెట్టింది. మర్నాడు హైదరాబాదు సారు పాఠం పెట్టారు. ఆయన గొంతు విప్పాడో లేదో, పాలు నురగలు కక్కుతూ బకెట్టు నిండిపోయాయి.

"అబ్బ, ఏం సారండీ!" అంది ప్రేమమ్మ. సబ్జెక్టేమిటో ఆవిడకి తెలియదు గానీ పాలు తెలుసు.

ఇందిరాదేవి గారికి ఫోను చేసి నమూనా క్లాసు పంపమని అడిగితే, "అలాంటివేం లేవమ్మా. నువ్వే వచ్చి నీకేం రాదో చెప్పు, నేను వింటాను" అన్నారట. "నాకేం రాదో నాకు తెలిస్తే ఈవిడ దాకా ఎందుకు?" అని విసుక్కుంది దయామణి. వినిపించడానికి ఏమీ లేదు కనుక ఆవిడ పేరు అక్కడితో కొట్టేశారు. హైదరాబాదు కోర్సులో చేరిపోయింది.

ఆ శీతాకాలమంతా ఆ ఇంట్లో పాలే పాలు. దయామణి పొద్దున్నే ఫోను తెచ్చి సావిడిలో గూటిలో పెట్టేది. సారు చెబుతుంటే తను రాసుకునేది, నాన్న పితికేవాడు. రత్నరాజు కొత్త క్యాను కొన్నాడు. వీరమ్మ వెన్న శాతం చూసి కళ్ళు ఇంత చేసి, "మీ అమ్మాయి ఈసారి పాసైపోయినట్టే బాబాయ్" అంది. చర్చిలో అయ్యగారు అదే మాటగా స్తుతి ప్రార్థన చేసేశారు. ఊరంతా అదే ధీమా. దయామణి కూడా క్యాను నిండడం చూసి, నాకు అంతా వచ్చేస్తోంది అనుకుంది. ఇంకొకరి మాటకి వచ్చిన పాలు చూసి తన చదువుని కొలుచుకుంటున్నానని ఆ పిల్లకి తట్టలేదు.

మార్చి మొదటివారంలో ఒక ఉదయం ఫోను కింద పడి అద్దం పగిలింది. ఆ పూట నోరు పెగల్లేదు దానికి.

"పోనీ నువ్వే చెప్పు తల్లీ. ఇన్నాళ్ళూ విన్నావుగా" అంది ప్రేమమ్మ.

దయామణి పీట మీద కూర్చుని ధీమాగా మొదలుపెట్టింది. తల్లి కంపెనీ, దాని కింద పిల్ల కంపెనీ, రెండింటి లెక్కలూ కలిపి ఒకటిగా చూపించే పద్ధతి. సారు చెప్పిన మాటలు, ఆయన ఆగిన చోట ఆగుతూ, ఆయన వేసిన హాస్యంతో సహా చెప్పింది. రత్నరాజు వేళ్ళు పొదుగు మీద అలాగే ఉండిపోయాయి. చుక్క రాలేదు.

ఇంకో పాఠం చెప్పింది. రాలేదు. ఇంకోటి. లచ్చి మెడ తిప్పి దయామణి వంక చూసి, గడ్డి నములుతూ ఉండిపోయింది.

"దానికి ఒంట్లో బాగోలేదేమో" అన్నాడు రత్నరాజు. ప్రేమమ్మ గబగబా గోంగూర సంగతి ఎత్తుకుంది. వెంటనే పాలొచ్చాయి. ఆవిడ నాలుక కరుచుకుంది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ వారమంతా అదే తంతు. దయామణి అన్నం సరిగా తినలేదు. ఆఫీసులో ధర్మారావు గారు "ఎలా సాగుతోందమ్మా" అంటే "బాగానే సార్" అని తల దించుకుంది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఇంకా నరకంగా ఉంది. వీరమ్మ కూడా సగం క్యాను తీసుకుని, వెన్న శాతం పైకి చదవకుండా రాసుకుంది.

ఆదివారం చర్చికి వెళ్ళనని ఇంట్లోనే ఉండిపోయింది. రత్నరాజు కూడా ఆగిపోయాడు. సావిడిలో గాటికి ఆనుకుని కూర్చున్న కూతురి దగ్గరికి వచ్చి, పక్కనే కూలబడ్డాడు.

"నాకు అర్థం కాదని నువ్వెప్పుడూ చెప్పవు. ఇవాళ చెప్పు. అర్థం కాకపోతే కాకపోనీ. ఎక్కడ ఆగిపోతున్నావు?"

దయామణికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"పిల్ల కంపెనీ తల్లి కంపెనీకి సరుకు అమ్మింది నాన్నా. లాభం రాసుకుంది. కానీ ఆ సరుకు తల్లి గోడౌన్లోనే ఉంది, బయటికి పోలేదు. ఇంట్లో వాళ్ళకి ఇంట్లో వాళ్ళే అమ్ముకుంటే అది లాభం కాదు కదా. అందుకని తీసెయ్యాలి. అంతవరకూ నాకు తెలుసు. పిల్ల కంపెనీలో బయటివాళ్ళకీ కాస్త వాటా ఉంటుంది. వాళ్ళ వాటాలోంచి కూడా తియ్యాలంటారు. ఎందుకు? తల్లే పిల్లకి అమ్మితే మాత్రం వాళ్ళ జోలికి పోనక్కర్లేదట. అదెందుకు? అడిగితే ఏ మూల నుంచి చూడాలో కూడా నాకు తెలియదు. సారు చెబుతున్నప్పుడు తలూపాను. ప్రతిసారీ తలూపాను. ఈ ఒక్కటి తెలియక దీని మీద కట్టిన లెక్కలన్నీ కూలిపోతున్నాయి. నాకు రానిది ఇదే నాన్నా, ఇక్కడే."

చెప్పడం ఆపి ముక్కు తుడుచుకుంది. సావిడిలో ఏదో చప్పుడవుతోంది. చూస్తే లచ్చి పొదుగు నిండి, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే పాలు ధారలుగా నేల మీద పడుతున్నాయి.

రత్నరాజు లేచి బకెట్టు కోసం పరిగెత్తాడు. అది ప్రేమమ్మ కడిగి పెరట్లో బోర్లించింది. ఆయన తెచ్చేసరికి నేలంతా తెల్లగా తడిసింది. ఒలికితే ఒలికాయిలే అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి.

తనకు ఏం రాదో దయామణికి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. లచ్చికి అది చాలు. ఎవరిని అడగాలో కూడా దయామణికి ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. పగిలిన అద్దం మీదే వేలు నొక్కి బందరుకి ఫోను చేసింది.

"మేడమ్, అప్పుడు మీరు అడిగారు. ఇప్పుడు చెప్పగలను."

అంతా విని ఇందిరాదేవి గారు, "రేపు ఆఫీసు అయ్యాక బస్సెక్కు. ఫోన్లో చెప్పేది కాదు" అన్నారు.

మర్నాడు ఆవిడ పాఠం చెప్పలేదు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడిగారు.

"ఆ లాభం మొదట ఎవరి పుస్తకంలో పడింది?"

"పిల్ల కంపెనీ పుస్తకంలో మేడమ్."

"పడినప్పుడు అందులో బయటివాళ్ళకి వాటా వెళ్ళిందా?"

"వెళ్ళింది..." అని దయామణి ఆగిపోయింది. కాఫీ చల్లారుతోంది. "వచ్చినప్పుడు పంచుకున్నారు కాబట్టి, తీసేసినప్పుడూ వాళ్ళు భరించాలి. తల్లి అమ్మితే లాభం తల్లి పుస్తకంలోది, వాళ్ళకి సంబంధమే లేదు." 

"ఇంకేం రాదు?" అన్నారు ఇందిరాదేవి గారు.

అప్పట్నుంచి రోజూ అదే. ఆఫీసు అవగానే గుడివాడలో బందరు బస్సు. ఏం రాదో చెప్పడం, ఆవిడ ప్రశ్నలు, తిరుగుబస్సు. పొద్దున్నే సావిడిలో తన నోటితో తను చెప్పడం. హైదరాబాదు సారుకి వచ్చినంత ధారగా రాలేదు పాలు. కొన్ని రోజులు చెంబుడే వచ్చాయి. అవి చూసి కూడా దయామణి సంతోషించేది, ఎందుకంటే అవి తనవి. రత్నరాజు వింటూ మధ్యమధ్య "మరి ఆ బయటివాళ్ళు ఊరుకుంటారా?" అని అడిగేవాడు. ఒకటి రెండుసార్లు ఆయన ప్రశ్నకి జవాబు దొరక్క దయామణి బందరు దాకా ఆలోచిస్తూ వెళ్ళింది.

మేలో విజయవాడ వెళ్ళి పరీక్ష రాసింది. జులై మొదట్లో, ఆఫీసులో కాగితాలు సర్దుతుండగా ఫలితాలు వచ్చాయి. పాసైంది. మరీ గొప్ప మార్కులేం కావు, కానీ పాసు పాసే. ముందు ఇంటికి ఫోను చేసింది. ప్రేమమ్మ "స్తోత్రం" అని ఏడ్చేసింది. రత్నరాజు ఆ కబురు లచ్చికి చెప్పడానికి సావిడిలోకి నడిచాడు.

ధర్మారావు గారు కాసేపటికి వచ్చారు. చెప్పగానే ఆయన లోపలికి వెళ్ళి, తన కుర్చీని వెనక్కి లాగి, తను మాత్రం అందులో కూర్చోలేదు. బల్లకి ఇవతలగా, పార్టీలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చొక్కా జేబులోంచి కాగితం తీశారు.

"ఏమండీ ఆడిటరు గారూ, నా రిటర్ను ఎవరూ వెయ్యడం లేదు. కొంచెం చూసిపెడతారా?" అన్నారు.

దయామణి గడప దగ్గరే నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఆయనకి మంచినీళ్ళు ముందుకు జరిపి, "కంగారేం లేదండీ, ఇలా ఇవ్వండి" అంది.