ఇడ్లీ చర్చి పాట

నేను ఒక గుమ్మటాన్ని. సిమెంటు, కంకర, ఇసుక, ఇనుప చువ్వలు కలిసిన నిఖార్సయిన కాంక్రీటు గుమ్మటాన్ని. కంచర్లపాడు అడ్డరోడ్డులో ఏ ఆటోవాణ్ణి అడిగినా మాత్రం "ఇడ్లీ చర్చా? ఎక్కండి" అంటాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఎత్తున ఉన్నవాళ్లకు కాస్త అతిశయం ఉంటుంది కదా. అద్దంలో చూసుకునే వీలు లేదు గనక తర్వాత ఊరుకున్నాను.

నేను పుట్టకముందు ఈ సంఘం సంతోషమ్మ వాళ్ల గొడ్ల సావిట్లో కూడేది. ఆమె గేదెల్ని బయట కట్టి, పేడ ఎత్తి, చాపలు పరిచేది. మనుషులు పెరిగారు, రేకుల షెడ్డు వేశారు. ఇంకా పెరిగారు, షెడ్డుకు ముందూ వెనకా షామియానా కట్టారు. షెడ్డు నిండా స్తంభాలే. స్తంభం వెనక కూర్చున్నవాళ్లకు పాస్టరు తిమోతి గారు కనిపించేవారు కారు. కునుకు తీసేవాళ్లంతా ఎందుకో ఆ చోటే కోరుకునేవారు. అది కనిపెట్టిన పాస్టరు గారు ఒక్క స్తంభం కూడా లేని మందిరం కావాలని పట్టుబట్టారు. అలా కునికిపాట్ల పుణ్యమా అని నాకు ఈ జన్మ దక్కింది.

నన్ను పోసిన రోజు చూడాలి మీరు. గుమ్మటం పని మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, అతుకులోంచి వాన కారుతుంది. అందుకని తెల్లవారుతూనే సంఘం సంఘమంతా వరుసకట్టింది. తట్టలు చేతులు మారుతుంటే సంతోషమ్మ పాట ఎత్తుకుంది. పాట నెమ్మదిస్తే తట్టలు నెమ్మదించేవి, పాట ఊపందుకుంటే పైనున్న మేస్త్రి లబోదిబోమనేవాడు.

"అమ్మా, ఆ చరణం కాస్త తగ్గించండి, ఇక్కడ మాకు చేతులు ఆడట్లా" అని అరిచాడు. ఆమె నవ్వి, ఇంకా జోరుగా పల్లవి అందుకుంది. నా ఒంట్లో సిమెంటు ఎంత ఉందో ఆ పాటా అంతే ఉందని నా నమ్మకం. పొద్దుగూకే వేళకు నేను పూర్తయ్యాను. అందరూ సిమెంటు మొహాలతో ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వుకుంటూ బిర్యానీ తిన్నారు.

ప్రతిష్ఠ పండుగ నాడు వచ్చిపడింది తంటా. మైకు సెట్టు ఎలీషాకు ఒక అలవాటు ఉంది. ఎకో గుండీని చివరిదాకా తిప్పనిదే ఏ మీటింగూ మొదలుపెట్టడు. "ఎకో లేకపోతే వాక్యం చప్పగా ఉంటదండి" అంటాడు. ఆరుబయట అయితే సరే, కానీ నేను పుట్టుకతోనే ఎకోని. పాస్టరు గారు "ప్రియులారా" అన్నారు. ఎలీషా పెట్టె దాన్ని నాలుగు చేసింది, నేను నలభై చేశాను. జనం "ఆమేన్" అంటే అది నా చుట్టూ తిరిగి కిందికి దిగింది. పాస్టరు గారే అన్నారనుకుని జనం మళ్లీ "ఆమేన్" అన్నారు. కాసేపు ఆ ఆమేన్‌ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకైతే ఒళ్లు పులకరించింది.

మనుషులు తమాషా అయినవాళ్లు. మాట స్పష్టంగా వినపడకపోతే ఇంకా పెద్ద స్పీకర్లు తెస్తారు. తెచ్చి నాకు వేలాడదీశారు. గోల రెట్టింపయింది. వారం వారం జనం బయటికి జరిగి, అక్కడైతే మాట తెలుస్తుందని పాత షామియానా కిందే కూర్చోసాగారు. నా కింద ఖాళీ చాపలు మిగిలాయి. చివరికి సంఘపెద్ద నతానియేలు గారు తేల్చేశారు.

"అడ్డంగా ఫాల్స్ సీలింగు కొట్టించేద్దాం. గుమ్మటం బయటికి కనపడితే చాలు గదా."

నేనంటే నా లోపలే కదండీ, బయట ఉన్నది ఇడ్లీ. సీలింగు పడితే ఇక ఏ పాటా నా దాకా రాదు, ఏ ముఖమూ నాకు కనపడదు. చీకట్లో పావురాలతో కాపురం చేయాలి.

శనివారం సీలింగు పనివాళ్లు వచ్చి, అడ్డంగా ఉన్నాయని స్పీకర్లన్నీ విప్పి, వైర్లు చుట్టి మూలన పడేశారు. తెల్లారితే ఆదివారం, మైకు లేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని "ఎవరైనా పాట ఎత్తుకోండమ్మా" అన్నారు. కీబోర్డు దగ్గరి కుర్రకారు మైకు లేకుండా నోరు విప్పడం ఏనాడో మరిచారు. అప్పుడు ముందు వరసలోంచి సంతోషమ్మ లేచింది.

నన్ను పోసిన రోజు పాటే. కానీ ఇప్పుడు ఆమెకు ఆయాసం. ఒక్క పాదం పాడి, గుండె మీద చెయ్యి వేసుకుని ఆగింది. ఆమె ఆగినంతసేపూ పాడింది నేను. ఆమె పాదాన్ని పొల్లు పోకుండా ఆమెకే తిరిగి ఇచ్చాను. ఆమె తలెత్తి నాకేసి చూసింది. ఊపిరి తీసుకుని రెండో పాదం పాడి ఆగింది. మళ్లీ నేను. మూడో పాదానికి లోపలున్నవాళ్లంతా ఆమెతో పాటే పాడి, ఆమెతో పాటే ఆగారు. షామియానా కింది జనం చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి పరుగెత్తుకొచ్చారు. నాకు కన్నీళ్లు వచ్చినంత పనైంది. గుమ్మటం కారితే మేస్త్రికి చెడ్డపేరని ఆపుకున్నాను.

పాస్టరు గారు తెలివైనవారు. ఒక మాట చెప్పి, నేను దాన్ని కిందికి దించేదాకా ఆగి, రెండో మాట చెప్పారు. ఒక్కో మాటా అలా విడిగా వినబడాలంటే అది వినదగ్గదై ఉండాలి కదా. అక్కర్లేనివి వాటంతటవే రాలిపోయి, ప్రసంగం సగానికి తగ్గింది. ఆ రోజు సంఘం కళ్లలో చూసినంత కృతజ్ఞత నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. నతానియేలు గారు సీలింగు ఊసే ఎత్తలేదు. తెచ్చిన సామానంతా చెప్పుల స్టాండుకు కప్పుగా వెళ్లింది. ఎలీషా మాత్రం ఇప్పటికీ వచ్చి, తన ఎకో గుండీని తుడిచి, నాకేసి గుర్రుగా చూసి వెళ్తుంటాడు.

ఇప్పుడు లోపల చోటు చాలక మళ్లీ జనం గుమ్మం బయట కూర్చుంటున్నారు. పక్కన ఇంకో గుమ్మటం వేయాలంటున్నారు. వేయనివ్వండి, నాకూ తోడుంటుంది.

ఆదివారం అందరికన్నా ముందు వచ్చేది సంతోషమ్మే. చాపలు పరిచి, నడుం పట్టుకుని సరిగ్గా నా నడిమధ్యకు వచ్చి, "వందనాలు అబ్బాయ్" అంటుంది. నన్ను ఇడ్లీ అనని మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే. నాకు సొంత మాటలు లేవు గనక నేనూ "వందనాలు అబ్బాయ్" అంటాను. ఆమె ఆయాసపడుతూనే పకపకా నవ్వుతుంది. ఇక నేను నవ్వకుండా ఎలా ఉంటాను?