గత ఐదేళ్ళలో మూడేళ్ళు

మాడిన పాలగిన్నె తోముతుంటే హాల్లోంచి మా ఆయన పిలిచారు. మేం వెళ్ళాలనుకున్న దేశం వాళ్ళు మళ్ళీ రూల్స్ మార్చారట. నిపుణుల జాబితాని సగానికి కుదించారట, అందులోంచి ఆయన వృత్తి ఎగిరిపోయిందట. ఏడేళ్ళుగా మా ఇంటికి పెద్దదిక్కు ఆ వీసా దరఖాస్తే. సోఫా మారుద్దామన్నా, పాపని వేరే బడిలో వేద్దామన్నా, నేను మళ్ళీ పనికెళ్తానన్నా ఒకటే జవాబు. “ఎలాగూ వెళ్ళిపోతాం కదా, ఇప్పుడెందుకు?”

దరఖాస్తు ఆయనది, చాకిరీ నాది. వాళ్ళు కటాఫ్ పెంచినప్పుడల్లా, ఇంగ్లిషు పరీక్ష మార్కులకి గడువు తీరినప్పుడల్లా కాగితాలన్నీ మళ్ళీ మొదటికొచ్చేవి. పరీక్షకి ఆయన రాసుకున్న వ్యాసాలు కూర్చుని దిద్దింది నేను. భార్య కూడా పాసైతే పాయింట్లు కలుస్తాయంటే నేనూ రాశాను. ఆయనకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. మా అమ్మకి చెప్పకు అన్నారు ఆయన, చెప్పలేదు. ఆ ఫైల్లో నా విలువ ఐదు పాయింట్లు.

ఆయన తల పట్టుకుని కూర్చుంటే నేనే ఆ కొత్త జాబితా కిందిదాకా చదివాను. డెంటల్ టెక్నీషియన్ అని ఉంది. అది నా పని. పెళ్ళికి ముందూ, తరవాత కొన్నేళ్ళూ నేను ల్యాబులో పళ్ళు చేసేదాన్ని. మైనంతో పన్ను చెక్కి, పక్కపంటి రంగుకి సరిగ్గా రంగు కలిపానంటే ఏది కట్టుడు పన్నో పోల్చుకోలేక డాక్టర్లే తికమకపడేవారు.

ఆ అరగంట మా ఇంట్లో నేను మహారాణిని. అత్తగారు స్వయంగా టీ పెట్టి తెచ్చి చేతికిచ్చారు. కోడలి చేతిలో విద్య ఉందని తను మొదట్నుంచీ అంటూనే ఉన్నానని ఫోన్లో మా ఆడపడుచుకి చెప్పారు. ఎప్పుడన్నారో నాకైతే గుర్తులేదు. ఆయన కొత్త ఫారం తెరిచి, ప్రధాన అభ్యర్థి అన్నచోట నా పేరు టైపు చేస్తుంటే సిగ్గు లేకుండా పొంగిపోయాను.

నాలుగో పేజీలో ఆయన చెయ్యి ఆగింది. గత ఐదేళ్ళలో కనీసం మూడేళ్ళు ఆ వృత్తిలో ఉండాలట. అదీ కొత్త రూలే. నేను పని మానేసి ఆరేళ్ళు.

ఆయన నా వంక చూసి, చాలా మామూలుగా అడిగారు.

“అసలు నిన్నెవరు మానెయ్యమన్నారు?”

ఎవరన్నారు? కూర్చుని వెతుక్కున్నాను. అత్తగారి తుంటి ఎముక విరిగినప్పుడు నర్సుని పెడదామంటే, బయటి మనిషి చేత అమ్మ చేయించుకోదన్నారు ఆయన. ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో పళ్ళు సర్దొచ్చి మనకి వండిపెడుతోందని ఆడపడుచు నవ్వింది. పాపకి జ్వరమొస్తే సెలవు పెట్టాల్సింది ఎప్పుడూ నేనే. కానీ మానెయ్యమని ఒక్కరూ అనలేదు. ‘పోన్లెండి, నేనే మానేస్తాను’ అన్నది నేను. ఆ మాట నా నోటితోనే అనిపించుకున్నారు. అది ఇన్నాళ్ళకి అర్థమైంది.

పాత ల్యాబు మేడంకి ఫోన్ చేసి, మొన్నటిదాకా అక్కడే చేసినట్టు ఒక లెటర్ రాయించుకోమన్నారు ఆయన. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను. హలో అనగానే మేడం నా గొంతు గుర్తుపట్టారు. అంతే, లెటర్ మాట నోట రాలేదు. నాకు పని ఉందా అని అడిగాను.

“ఉందమ్మా. కానీ ఇప్పుడు మైనం పనేం లేదు. కంప్యూటర్లో గీస్తే మిషనే చెక్కేస్తోంది. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని మొదట్నుంచీ నేర్చుకోవాలి, ఫరవాలేదా?”

ఫరవాలేదన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు. నేను ఇంట్లో ఆయన ఫైలు సర్దుతుండగా, నా చేతుల్లో ఉన్న విద్య ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. మేడం ఫోన్ పెట్టెయ్యకుండా ఉండి, సోమవారం నుంచి వచ్చెయ్యమన్నారు.

లోపలికి రాగానే, లెటర్ ఇస్తానన్నారా అని ఆయన అడిగారు. అడగలేదనీ, సోమవారం నుంచి పనిలో చేరుతున్నాననీ చెప్పాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

“మూడేళ్ళు నిండేసరికి నీకు నలభై రెండొస్తాయి. నలభై దాటితే వాళ్ళు రానివ్వరు, తెలుసా?”

“తెలుసు,” అన్నాను. “నేను వెళ్తానన్నది ల్యాబుకి.”