కోతితాతకు ఒక విస్తరాకు

“భూదేవీ, నల్లా వచ్చింది.”

పెళ్లయి కామాఠిపురాలోని ఈ ఇరుకు గదుల చాలీలో అడుగు పెట్టిన మర్నాటి నుంచీ భూదేవికి తెల్లవారడమంటే ఇదే మాట. ఇంకా చీకటి ఉండగానే అత్త మల్లవ్వ గొంతు, ఆ వెనకే కింద నల్లా దగ్గర బిందెల చప్పుడు. భర్త శంకర్రావు దుప్పటి లాక్కుని గోడవైపు తిరుగుతాడు. మిల్లు నడిచిన రోజుల్లో, రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషి కదా అని ఆమే చప్పుడు చెయ్యకుండా లేచేది. సమ్మెలో మిల్లు పోయింది, పాళీలూ పోయాయి, ఆయన నిద్ర మాత్రం పర్మనెంటయింది. ఆమె నీళ్లు మోసి, డ్రమ్ము నింపి, రొట్టెలు చేసి, అత్త మోకాళ్లకు నూనె రాసి, ఆ చేతులే సబ్బుతో కడుక్కుని, ఫోరస్ రోడ్డు దాటి మునిసిపాలిటీ తెలుగు బడికి పరుగెత్తుతుంది. అక్కడ ఆమె ఏడో తరగతి టీచరు. టీచరే గానీ, పైనుంచి ఆఫీసర్లు వస్తే పాఠం మధ్యలో ఆపి టీ పెట్టాల్సింది కూడా ఆమే. ఆడవాళ్ల చేతిలో ఆ రుచే వేరమ్మా అంటాడు హెడ్మాస్టరు, మెచ్చుకుంటున్నాననుకుని.

ఆ రోజు రెండో బిందె దించుతుంటే దుప్పటిలోంచి శంకర్రావు మాట్లాడాడు.

“ఆదివారం కులపంచ్ కూసుంటది. నువ్వేం మాట్లాడే పని లేదు. నీ తరఫున నేను తప్పైందని చెప్పొస్త.”

చెప్పి, మళ్లీ గోడవైపు తిరిగాడు. భూదేవి బిందె డ్రమ్ములోకి ఒంపి, మూడోదానికి మెట్లు దిగింది.

ఇంతకీ ఆమె చేసిన తప్పేమిటంటే, పాఠం చెప్పడం. సైన్సు పుస్తకంలో జీవపరిణామం పాఠం ఉంది. లక్షల ఏళ్లు అంటే పిల్లలకు ఏం అంతుపడుతుంది? పెత్రమాస దగ్గర్లోనే ఉంది కదా అని అటునుంచి మొదలుపెట్టింది. పెత్రమాస నాడు ప్రతి ఇంట్లోనూ చనిపోయిన పెద్దలకు వంటలు చేసి, వరసగా విస్తరాకులు వేసి, పేరు పేరునా పిలిచి వడ్డిస్తారు. మీ తాత పేరేమిటని అడిగింది. అందరూ చేతులెత్తారు. తాత తండ్రి పేరంటే సగం చేతులు దిగిపోయాయి. తాత తల్లి పేరో? ఒక్క చెయ్యీ లేవలేదు. అలా తాతకు తాత, ఆయనకు తాత అనుకుంటూ పోతే, ఊళ్లు లేని కాలం వస్తుంది, మాట రాని కాలం వస్తుంది, చెట్ల మీద బతికిన కాలం వస్తుంది, ఆ పాత తాతల పిల్లల్లో కొందరు కోతులయ్యారు, కొందరు మనమయ్యాం అని చెప్పింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. అంత మంచి పాఠం తను ఎన్నడూ చెప్పలేదని ఆ సాయంత్రం భూదేవి పొంగిపోయింది కూడా.

ఆ పొంగు పెత్రమాస దాకే నిలిచింది. ఆమె తరగతిలో సాయమ్మ అని ఒక పిల్ల ఉంది, పక్క చాలీ పెద్దయ్య మనవరాలు. పెద్దయ్య అంటే మాటలా, కులపంచ్‌లో ముందు వరసలో కూర్చునే మనిషి. పండగ నాడు ఆయన స్నానం చేసి, ఊదు పొగ పట్టుకుని విస్తరాకులు వేసిన గోడ దగ్గరికి వచ్చేసరికి, తన తండ్రి విస్తరాకు కంటే ముందు ఇంకో విస్తరాకు ఉంది. దాని మీద ఒక అరటిపండు ఉంది. ఇదెవరికే అంటే, కోతితాతకు అంది సాయమ్మ. ఎవరు చెప్పారంటే, భూదేవి టీచరంది. పెద్దయ్య ఊదు అక్కడే పెట్టి, అన్నం ముట్టకుండా వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడట. ఆ ఇంట్లో ఆ పూట గారెలు చల్లారిపోయాయి.

అంతవరకైతే భూదేవి వెళ్లి ఆయనకు దండం పెట్టుకుని వచ్చేది. కానీ కార్పొరేషన్ ఎన్నికలు వస్తున్నాయి. ఈసారి నిలబడాలని ఉబలాటపడుతున్న రాజమల్లుకు ఈ అరటిపండు దొరికింది. మన బడిలో మన పిల్లలకు మన పెద్దల్ని కోతులంటున్నారని సందు మొగన మైకు పెట్టి మాట్లాడాడు. ఆ పాఠం తీసెయ్యాలి, చెప్పిన టీచరు పంచ్ ముందు మాఫీ అడగాలి, పిల్లల ముందు అదంతా అబద్ధమని చెప్పాలి, లేదంటే ఆమెను ఈ బడిలో ఉండనిచ్చేది లేదన్నాడు. ఇది విని వర్లి నుంచి యూనియన్ ముత్తయ్య వచ్చాడు. ఎర్ర జెండాలతో ఊరేగింపు తీద్దామని, భూదేవి ఫొటో పట్టుకుందామని ఉత్సాహపడ్డాడు. ఆయనకు టీ ఇచ్చింది భూదేవే. ఫొటో పట్టుకోవచ్చా అని మాత్రం ఆయన శంకర్రావును అడిగాడు. హెడ్మాస్టరేమో, పరీక్షలో దానికి ఒక్క ప్రశ్నే కదమ్మా, పోనిద్దురూ అన్నాడు.

ఇందరు ఇన్ని మాటలు అన్నారు. ఆ పాఠం చెప్పిన మనిషిని పట్టుకుని, అమ్మా, నువ్వేమంటావు అని అడిగినవాడు లేడు. శంకర్రావు సంగతి సరేసరి. రాజమల్లు ఆయనకు ప్యూను పని ఇప్పిస్తానన్నాడు. “టీచరమ్మవైతే బడిల. ఇంట్ల కాదు” అని పెళ్లయిన కొత్తలో అన్న మాట ఆయన ఈ వారమంతా రకరకాలుగా అంటూనే ఉన్నాడు.

భూదేవికి బాధ కోతి గురించి కాదు. సోమవారం పిల్లల ముందు నిలబడి, మొన్న నేను చెప్పింది అబద్ధం అని ఎలా అనడం? అదొక్కటి అంటే, భూమి తిరుగుతుందన్నదీ, వాన సముద్రం నుంచి వస్తుందన్నదీ, గుండె నాలుగు గదులన్నదీ వాళ్లు ఎందుకు నమ్మాలి? సాయమ్మ మొహం చూడగలదా తను? ఆ పిల్ల విన్నది విన్నట్టు నమ్మి అరటిపండు పెట్టింది. తన తరఫున శంకర్రావు చెప్పేస్తే చాలట. ఇదేమైనా మొదటిసారా! పెళ్లిచూపుల్లో పిల్లకు ఇష్టమేనని నాన్న చెప్పాడు. కడుపు పోయి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, నొప్పి ఎక్కడమ్మా అని డాక్టరు తననే అడిగితే, నడుములో అని ఆయన చెప్పాడు. నొప్పి నడుములో లేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా డాక్టరు పక్క మంచానికి వెళ్లిపోయాడు. పంచ్‌లో అయితే అదే రివాజు. ఆడదాని మాట ఆమె మగవాడే లేచి చెప్పాలి, ఆమె పై వసారాలోంచి వినాలి. చదువుకున్నదాన్ని కదా అని మురిసిపోయి, ఇన్నేళ్లూ పై వసారాలోంచే విన్నానే అని భూదేవి తన మీద తనే కోపం తెచ్చుకుంది.

ఆదివారం సాయంత్రం చాలీ కిందే ఉన్న మారుతి గుడి ముందు చాపలు పరిచారు. బతుకమ్మ రోజులు. పై వసారాలో ఆడవాళ్లంతా పళ్లేలు ముందేసుకుని పువ్వులు పేరుస్తున్నారు. ఇక్కడ తంగేడు ఎక్కడ దొరుకుతుంది, దాదరు బజారు బంతిపూలే. భూదేవి చేతులు బంతిపూల మీద ఉన్నాయి గానీ చెవులు కిందే ఉన్నాయి. రాజమల్లు ముందు మాట్లాడాడు, చాలాసేపు మాట్లాడాడు. తర్వాత శంకర్రావు గొంతు సవరించుకోవడం వినిపించింది.

పక్కన కూర్చున్న మల్లవ్వ అప్పుడు ఉన్నట్టుండి అంది.

“మొన్న అడిగినవు గద. మా అత్త తల్లి పేరు పెంటమ్మ. రాత్రి యాదికొచ్చింది.”

భూదేవి తెల్లబోయింది. బడిలో ఆ పాఠం చెప్పిన రోజు ఇంటికి వచ్చి పాతకాలం ఆడవాళ్ల పేర్లు అడిగితే, ఎవరికి గుర్తుంటయి, పని లేదా అని కసిరిన మనిషి. మల్లవ్వ తల ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదని మాత్రం గొణిగి, కోడలి ముందున్న పళ్లెం తన ఒళ్లోకి లాక్కుంది.

“పువ్వులు నేను పేరుస్త. నువ్వు కిందికి పో.”

భూదేవి లేచింది. కొంగులో పడ్డ బంతి రేకులు దులుపుకుని మెట్లు దిగింది. ఆమె చాపల అంచు దగ్గరికి వచ్చేసరికి శంకర్రావు, “మా ఇంటామె తరఫున నేను” అంటున్నాడు.

“నా మాట నేను చెప్పుకుంట” అంది భూదేవి.

మైకు లేకుండానే ఆ గొంతు గుడి గంట దాకా వెళ్లింది. రివాజు కాదని ఎవరో అన్నారు. ఇంటికి పో అని శంకర్రావు పళ్ల మధ్య నుంచి అన్నాడు. పెద్దయ్య మాత్రం చెయ్యెత్తి, చెప్పనియ్యండి అన్నాడు. ఆమె ఆయన వైపే తిరిగింది. రాజమల్లు వైపు చూడనేలేదు.

“పెద్దయ్య మామా, నా పాఠం విని పిల్ల చేసిన పనికి పండగపూట నువ్వు పస్తున్నవు. దానికి నీకు దండం పెడుత. పాఠానికి పెట్టను. అది నిజం. రేపు గూడ అదే చెప్త.”

చాపల మీద గుసగుసలు లేచాయి. పెద్దయ్య మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఆయన కడుపులో మండుతున్నది వేరే అని అప్పుడు తెలిసింది.

“కోతికి పెట్టింది పెట్టింది. మా అయ్య కంటే ముందెందుకు పెట్టాలె?” అన్నాడు.

జవాబు భూదేవి చెప్పాల్సిన పని లేకపోయింది. పైనుంచి, వసారా కటకటాల్లో తల ఇరికించుకుని సాయమ్మ చెప్పింది.

“అందరికంటే పెద్దోళ్లకు ముందు పెట్టాలని నువ్వే చెప్పినవు గద తాతా!”

ప్రతి పెత్రమాసకూ ఆ మాట చెప్పేది పెద్దయ్యే మరి. పై వసారాలో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది.

“పిల్ల ఒకటి తప్పు చేసింది మామా” అంది భూదేవి, బడిలో చెప్పినట్టే నెమ్మదిగా. “కోతి మనకు తాత కాదు. పాలోడు. మనకూ వానికీ పై తాత ఒక్కడే.”

“పాలోడా?”

“దూరపు పాలోడు.”

పెద్దయ్య గడ్డం నిమురుకున్నాడు. వాటాల కోసం దాయాదులైన పాలివాళ్లతో ఊళ్లో ఆయన చేసిన రభస ఆ చాపల మీద ఎవరికి తెలియదు?

“అయితే సరే” అన్నాడు చివరికి. “పాలోడైతే నమ్ముత. మావోళ్లను చూసినంక నమ్మకేం జేస్త.”

నవ్వు ముందు పై వసారాలో మొదలైంది. తర్వాత చాపల మీదికి వచ్చింది. మారుతి దేవుడు కూడా వింటున్నాడు జాగ్రత్త అని ఒక ముసలాయన అంటే ఇంకా పెరిగింది. రాజమల్లు మైకు దగ్గరికి వెళ్లి ఏదో అందామని చూశాడు గానీ, అంతమంది నవ్వుతుంటే కోపంగా మాట్లాడడం కష్టం. పిల్లల చదువు సంగతి టీచరుకే తెలుసంటూ పెద్దయ్య లేచి తుండు దులుపుకున్నాడు. పంచ్ ముగిసింది. భూదేవి గుడి అరుగు మీద కూలబడింది. గుండెల మీది నుంచి డ్రమ్ముడు నీళ్లు ఎవరో దింపినట్టుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఇంటికి వచ్చాక శంకర్రావు చాలాసేపు అలిగాడు. తన పరువు పోయిందన్నాడు, ఇక ప్యూను పని ఎవరిస్తారన్నాడు. నిజమే, రాజమల్లు ఇవ్వడు. ఆ మాటకు ఆమెకు జాలి కలిగింది కూడా. కానీ మాఫీ అడగలేదు. అన్నం పెట్టి, పుస్తకం తీసి మర్నాటి పాఠం చూసుకుని పడుకుంది. ఎన్నాళ్లకో ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

చీకటి ఉండగానే కింద బిందెలు చప్పుడయ్యాయి. అలవాటు కొద్దీ భూదేవికి మెలకువ వచ్చింది, అలవాటు కొద్దీ చెయ్యి కొంగు వెతుక్కుంది. ఇంతలో మల్లవ్వ గొంతు వినిపించింది.

“శంకరా, నల్లా వచ్చింది. లే.”