ఎలుగుబంటికి చిలీ రెక్కలు

ఇరవై రెండేళ్ల సర్వీసులో సార్జెంట్ లైల్ హాస్కిన్స్ నూట పద్నాలుగు సార్లు విమానంలోంచి దూకాడు. అయినా చొక్కా కుడి జేబు మీది జాగా బోడిగానే ఉండిపోయింది. అక్కడ విదేశీ సైన్యం ఇచ్చే రెక్కల బిళ్ల ఉండాలి.

అమెరికాలో అతను పనిచేసే నార్త్ కరోలినా కంటోన్మెంటులో ఏటా డిసెంబరులో బొమ్మల దూకుడు జరుగుతుంది. పేదపిల్లల కోసం కొత్త బొమ్మ తెచ్చిన పారాచూట్ సైనికుడికి ఒక చీటీ ఇస్తారు. లాటరీలో ఆ చీటీ తగిలితే విదేశం నుంచి వచ్చిన అధికారి ఆజ్ఞ మీద దూకి, ఆ దేశపు రెక్కలు పెట్టించుకోవచ్చు. వంటవాళ్లకు తగిలింది. పోయినేడు పాస్టరుకు కూడా తగిలింది. హాస్కిన్స్‌కు తగల్లేదు.

ఈ ఏడు తగిలింది. చిలీ దేశం.

అప్పటికి మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు కాగితం ప్రకారం శనివారం దాటితే అతను ఇక జన్మలో దూకకూడదు. దూకుడు ఆ శనివారమే.

ఏటా బొమ్మ కొనేది అతని భార్య వెర్నా. జనవరిలో, పండగ సరుకు సగం ధరకు అమ్మేటప్పుడు, రాబోయే డిసెంబరు కోసం కొనేది. ఈ జనవరిలో మూడడుగుల ఎలుగుబంటిని కొని, అలమరలో కూర్చోబెట్టి, ఏప్రిల్లో పోయింది. డిసెంబరు దాకా ఉండని మనిషి డిసెంబరుకు బొమ్మ కొనడమేమిటి? హాస్కిన్స్ ఆమెను ఇంకా క్షమించలేదు. చెవికి వేలాడే ధర చీటీ కూడా తెంపకుండా తెచ్చి ఇచ్చేశాడు.

చిలీ నుంచి వచ్చిన అధికారి కెసాడా బొమ్మల గుట్టలోంచి సరిగ్గా దాన్నే ఎత్తుకున్నాడు. "పేపరువాళ్లకి ఫోటో కావాలట. ముందు ఈయన దూకుతాడు," అంటూ దాని వీపుకు చిన్న పారాచూట్ కట్టాడు.

లెఫ్టినెంట్ బ్రిగ్స్ ఒప్పుకోలేదు. పాతికేళ్లు నిండని కుర్రాడు, నిబంధనల పుస్తకం నోటికొచ్చినవాడు. "లిస్టులో లేనివాడెవడూ నా విమానం తలుపు దాటడు."

"బొమ్మ సార్ అది," అన్నాడు హాస్కిన్స్.

"పారాచూట్ ఉందా? తలుపులోంచి పోతుందా? అయితే దూకేవాడే. ఇంటిపేరు?"

"దానికి ఇంటిపేరేంటి సార్?"

"తెచ్చిందెవరు?"

"నేనే."

ముప్పై మూడో వరసలో 'హాస్కిన్స్, ఎలుగు' అని ఎక్కింది. బ్లడ్ గ్రూపు దగ్గర బ్రిగ్స్ కాసేపు ఆలోచించి గీత పెట్టాడు. వెనకనుంచి ఎవడో, "అన్నా, ముక్కు అచ్చం నీదే!" అన్నాడు.

ఆకాశంలో తలుపు తెరిచారు. వరసలో మొదట ఎలుగు, దాని వెనక హాస్కిన్స్. కెసాడా ఆజ్ఞ అరిచి ఎలుగును తోశాడు. అది కాళ్లు దగ్గర పెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, శిక్షణలో చెప్పినట్టే పోయింది. పారాచూట్ విచ్చుకుంది. అంతలో గాలి దాన్ని అందుకుని, మైదానం దాటించి పైన్ అడవి మీదికి లాక్కుపోయింది.

కింద ఎర్రపొగ లేచింది. గాలి ఎక్కువ, ఎవరూ దూకొద్దని గుర్తు. హాస్కిన్స్ బూటు తలుపుకు బెత్తెడు దూరంలో ఉంది. బ్రిగ్స్ అతని భుజం పట్టి వెనక్కి లాగాడు.

విమానం దిగాక బ్రిగ్స్ చెప్పాడు. "రేపు పొద్దున దూకుదాం."

"నాకు రేపు లేదు సార్."

"కాగితం అంటే కాగితమే, సార్జెంట్," అని బ్రిగ్స్ లిస్టు తిరగేసి అదిరిపడ్డాడు. "దూకినవాళ్లు ఒకరు. నేల మీద లెక్కకొచ్చినవాళ్లు సున్నా. మనిషి దొరికేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు!"

అరవై మంది సైనికులు, ఒక అంబులెన్సు, ఒక ఫైరింజను. మూడు గంటలు అడవి గాలించారు. అవతల గుడారంలో పొగబెట్టిన పందిమాంసం చల్లారిపోయింది. చివరికి ఇరవై అడుగుల ఎత్తున, పైన్ కొమ్మకు వేలాడుతూ హాస్కిన్స్ కళ్లకే కనిపించింది. నిచ్చెన వేసి దించారు. నర్సింగ్ సోల్జరు దాని మెడ నొక్కి చూసి, "ప్రాణాపాయం లేదు. చెవి కుట్టు ఊడింది," అని రాసుకున్నాడు.

అందరినీ వరసలో నిలబెట్టారు. కెసాడా చేతిలో ఒకే సర్టిఫికెట్టు, ఒకే జత రెక్కలు. లిస్టు చూసి పిలిచాడు: "హాస్కిన్స్!"

బ్రిగ్స్ పక్కకు వంగి గొణిగాడు. "వెళ్లండి. కాగితం మీద హాస్కిన్స్ దూకాడు. తీసుకోండి. ఆ బొమ్మకేం తెలుస్తుంది?"

కెసాడా కూడా అతని కుడి జేబు వంకే చూస్తున్నాడు. ఒక్క అడుగు వేస్తే చాలు.

"నేను దూకలేదు సార్," అన్నాడు హాస్కిన్స్.

"చూసిందెవరు?"

"నేనే చూశా. దాని వెనక నిలబడింది నేనేగా."

ఎలుగును చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లాడు. కెసాడా నవ్వకుండా సెల్యూట్ చేసి, దాని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. బిళ్ల పిన్ను గుచ్చబోతుంటే బ్రిగ్స్ అడ్డొచ్చాడు. "పిన్ను కుదరదు. పసిపిల్లల చేతికెళ్లే బొమ్మ. నిబంధన."

కెసాడా బిళ్లకు బదులు జేబులోంచి గుడ్డ రెక్కలు తీశాడు. హాస్కిన్స్ సూదీ దారం తెప్పించుకుని బొమ్మల లారీ మెట్టు మీద కూర్చున్నాడు. అతని బిళ్లలన్నీ వెర్నాయే కుట్టేది. వేలికి నాలుగు పోట్లు పడ్డాయి. రెక్కలయ్యాక చెవి కూడా కుట్టాడు. ధర చీటీ అప్పుడు తెంపాడు.

"వంకరగా వచ్చింది," అన్నాడు కెసాడా.

"దీన్ని కొన్నావిడ చూస్తే నాలుగు తిట్టి, విప్పి మళ్లీ కుట్టేది."

"ఏదీ, వచ్చిందా ఆవిడ?"

"లేదు."

ఎలుగును లారీలో, బొమ్మలన్నిటికీ ముందు కూర్చోబెట్టాడు. ధర చీటీ బోడి జేబులో వేసుకుని, చల్లారిన మాంసం తినడానికి పోయాడు.