సన్మానపు శాలువా

టెన్నిస్ నుంచి రిటైరైన నాలుగేళ్లకు మళ్లీ రాకెట్ పట్టిన శృతికి, శామీర్‌పేట టోర్నమెంటులో మొదటి మ్యాచ్‌కు ముందే నిర్వాహకులు శాలువా కప్పారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆడటానికి వచ్చినదానికి సన్మానమేమిటి? మడత కూడా పెట్టకుండా దాన్ని కుర్చీ మీదికి విసిరింది.

ప్రత్యర్థి హర్షితకు పదిహేడేళ్లు. రాగానే శృతి కాళ్లకు దండం పెట్టింది. ఆట మొదలయ్యాక ప్రతి బంతినీ శృతికి అందేలా మెత్తగా వేసింది. మొదటి మూడు గేములూ శృతివే. జనం చప్పట్లు కొడుతుంటే చెంపలు వాయించినట్టే ఉంది.

శృతి విసవిసా నెట్ దగ్గరికి నడిచింది. "ఏందే, నీకు ఆట రాదా?"

"పెద్దవారు కదా మేడమ్. మర్యాదకి మొదటి సెట్టు వదిలెయ్యమన్నారు మా నాన్నగారు."

"మర్యాదంటే గిట్లనా? నా ఎడమ మోకాలు సక్కగ పన్జేస్తలేదు. గా దిక్కే కొట్టు. గదీ మర్యాద!"

తర్వాతి బంతి ఎడమవైపే దూసుకొచ్చింది. శృతి పరిగెత్తింది, అందుకోలేక బోర్లా పడింది. చప్పట్లు ఆగిపోయాయి. హర్షిత భయంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

శృతి లేచి కుంటుతూ వెళ్లి, ఆ శాలువాతోనే మోకాలి నెత్తురు తుడుచుకుంది.

"ఇంకోటి కొట్టు" అంది.