చాటలో నెమలి

మార్కండేయకు పాత పోస్టర్ల పిచ్చి ఉందని నిజామాబాద్‌లో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి ఆయన భార్య శ్యామలమ్మ చెప్పింది. గంజ్ దగ్గరి సందులో ఆయనకు పటాలు కట్టే దుకాణం ఉంది. దేవుళ్ల బొమ్మలకీ, పెళ్లి ఫోటోలకీ, పోయినవాళ్ల ఫోటోలకీ చెక్క బిగించి అద్దం వేసి ఇవ్వడం ఆయన బతుకుతెరువు. అందులో మిగిలిందంతా పాత సబ్బుల ప్రకటనలకీ, టీ పొడి బొమ్మలకీ, సైకిల్ కంపెనీ పోస్టర్లకీ పోసేవాడు.

"ఇల్లు మనది, గోడలు సబ్బుల కంపెనోళ్లయి. సుట్టాలొస్తే కూసోవెట్ట జాగ లేదు గని, గీ గడ్డం బ్లేడు బొమ్మకు మాత్రం అద్దం గావాలె," అని శ్యామలమ్మ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నవ్వితే పోయేదేముంది, పోస్టర్ దక్కింది కదా!

నకలంటే ఆయనకు ఒళ్లుమంట. ఈ మధ్య హోటళ్లవాళ్లు పాత బొమ్మల్ని కొత్తగా అచ్చేయించి, మరకలు కూడా అచ్చులోనే వేయించి గోడలకు తగిలిస్తున్నారు. అలాంటి చోట ఆయన చాయ్ కూడా తాగడు. కాగితం వెనక్కి తిప్పి, వేలితో తడిమి, వాసన చూశాక గానీ అసలుదని ఒప్పుకోడు. ఒప్పుకున్నాక మాత్రం ఎండ తగలనివ్వడు, చెమ్మ తగలనివ్వడు, పసిపిల్లను సాకినట్టు సాకుతాడు. పోస్టరుకు ప్లాస్టిక్ టేపు అతికించినవాణ్ని క్షమించడు. లామినేషన్ చేయించినవాడితో మాట్లాడడు.

ఇన్ని ఉన్నా ఒక్కటి లేదు. నెమలి ఛాప్ బీడీల పోస్టరు.

ఆ బీడీలు వాళ్లమ్మ చుట్టేది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే కిటికీ పక్కన గోడకు ఆ పోస్టరు ఉండేది. నల్ల మబ్బు కింద పురి విప్పిన నెమలి, దాని కాళ్ల దగ్గర ఎర్రటి అక్షరాలు. లోపల షావుకారు మనిషి కట్టలు విప్పి చూసి, నచ్చని బీడీలు విరిచి పారేసేదాకా అమ్మ కిటికీ ముందు నిలబడేది. తునికాకు వాసనకు, తంబాకు ఘాటుకు తుమ్ముకుంటూ చిన్న మార్కండేయ ఆమె కొంగు పట్టుకుని నెమలినే చూసేవాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె పోయింది. ఫోటో లేదు. ఊరందరి ఫోటోలకు అద్దం వేసే మనిషి దగ్గర కన్నతల్లి ఫోటో లేదు. ముఖం కూడా ఎప్పుడో చెరిగిపోయింది. నెమలి మాత్రం ఈకలతో సహా గుర్తుంది. ఆ నెమలి మళ్లీ కంటపడితే, పక్కన నిలబడ్డ మనిషి కూడా కనబడుతుందని ఆయన నమ్మకం. ఈ సంగతి శ్యామలమ్మకు కూడా చెప్పలేదు. చెబితే వెక్కిరించదని తెలుసు, ఏడుస్తుందని భయం.

పటం కట్టించుకోవడానికి వచ్చిన కోటగిరి మనిషి ఒకాయన, తమ వాడకట్టులో ఒక ముసలామె చాట అంచున నెమలి ఈకలు కనబడతాయని మాటవరసకు అన్నాడు. మర్నాడు మార్కండేయ దుకాణం తెరవలేదు. బోధన్ బస్సెక్కాడు. షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఊరింకా దూరముండగానే తియ్యటి పాకం వాసన బస్సులోకి వచ్చేది. కునికేవాళ్లు ఆ వాసనకే లేచి మూటలు సర్దుకునేవాళ్లు. ఇప్పుడు కండక్టరు అరిచి లేపాలి. గొట్టం ఉంది, పొగ లేదు. మార్కండేయ అలవాటుకొద్దీ కిటికీ తెరిచి, గాలి ఎగబీల్చి, దుమ్ము మింగి, మళ్లీ మూశాడు. అక్కడ బస్సు మారి కోటగిరిలో దిగాడు.

ఆ ముసలామె పేరు వెంకటవ్వ. వేళ్లు వంకర్లు పోయినా బీడీలు చుట్టడం మానలేదు. గడప దగ్గర కూర్చుని, తంబాకూ ఆకులూ పోసిన చాట ఒళ్లో పెట్టుకుని ఉంది. వెదురు సందుల్లోంచి పొడి రాలకుండా చాటకు మెంతిపిండితో కాగితం అతికించడం ఆమెకు అలవాటు. ఒకటి చిరిగితే దాని మీద ఇంకొకటి. అలా పొర మీద పొర పడి ఆ చాట రొట్టెలా మందమెక్కింది. అన్నిటికన్నా అడుగు కాగితం అంచు వెనక్కి మడిచి ఉంది. ఆ మడతలో నీలం, పచ్చ ఈకలు. మార్కండేయ చాట మీదికి వంగాడు.

"అక్కా, గీ అడుగు కాయితం యాడిది?"

"మా ఊళ్లె నెమలి కార్ఖానా మూతవడ్డనాడు మా ఆయిన గోడకెంచి ఊడదీస్కొచ్చిండు. కొత్త చాటకు నేనే అతికిచ్చిన. ఏం తమ్మీ, గంత పెద్ద కండ్లు వెడ్తున్నవు, బంగారమా ఏంది?"

కొత్త చాట కొనిస్తానన్నాడు. ఇంకేం కావాలంటే అది ఇస్తానన్నాడు. ఆమె ఏదీ పట్టించుకోకుండా, "అసలు నీకెందుకు?" అని అడిగింది. అప్పుడు, పెళ్లానికి చెప్పని మాట ఆ పరాయి గడపలో చెప్పేశాడు.

వెంకటవ్వ తంబాకూ ఆకులూ ఓ డబ్బాలోకి ఒంపి, చాట ఆయన చేతికిచ్చింది.

"తియ్యి. కని గీడనే, నా ముంగట తియ్యి. మీ ఇంటికి కొంచవోవద్దు."

మార్కండేయ అరుగు మీద కూర్చుని తడిబట్ట పరిచాడు. మెంతిజిగురు నానాక, మొద్దు చెంచాతో పైపొర నెమ్మదిగా లేపాడు. మొదట బంగారం దుకాణం క్యాలెండరు వచ్చింది. దాని కింద దుబాయ్ పంపిస్తామనే ఏజెంటు కాగితం.

"గిది చూసే మా పెద్దోడు పోయిండు," అంది వెంకటవ్వ. "ఎడారిల ఒంటెల కాడ ఉన్నడు. ఒంటెలు మంచియేనంట, షేకే మంచోడు గాదంట."

ఆ కింద మక్కజొన్న విత్తనాల బొమ్మ, దాని కింద తోకలా ఏరియల్ ఉన్న పాతకాలం సెల్‌ఫోను ప్రకటన. మార్కండేయ ఒక్కొక్కటీ తీసి నీడకు ఆరేస్తూ, పండగ పూట పిల్లాడిలా మురిసిపోయాడు. వెంకటవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

చివరికి ఒక్క పొర మిగిలింది. బోధన్‌లోని ఏదో ట్యూషన్ సెంటరు కాగితం, వెనకటిది. పదో తరగతి పాసైన పిల్లల ముఖాలు తపాలాబిళ్లలంత ఫోటోలుగా వరసలు కట్టి ఉన్నాయి. దీని కిందే నెమలి. చెంచా పెట్టి చూశాడు, లేవలేదు. పల్చటి కాగితం పోస్టరుతో ఏకమైపోయింది. దీనికి ఆయనకు తెలిసిన ఉపాయం ఒక్కటే. తడివేలితో రుద్దితే పైది ఉండలు ఉండలుగా ఊడిపోతుంది, కింది మందపాటి కాగితం నిలుస్తుంది. ఇలాంటి కాగితాలు రేపు పొద్దున పేపర్లోంచి నాలుగు రాలతాయి, దీనికేం జాలి అనుకున్నాడు. మూల నుంచి రుద్దాడు. ఇద్దరు మగపిల్లల ముఖాలు ఉండలై రాలిపోయాయి. వాళ్ల చోట నల్ల మబ్బు కనబడింది.

అదే మబ్బు. మార్కండేయ కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలు రెండో వరసకు జరిపాడు.

"తమ్మీ," అంది వెనక నుంచి వెంకటవ్వ. చాయ్ గ్లాసు చేతిలో ఉంది. "నడిమి వరుసల, రెండు జడలది, మా నిరోష."

వేలు ఆగిపోయింది.

"నా బిడ్డ. పాసైంది, కాయితంల ఫోటో వచ్చిందని వాడకట్టంత తిప్పి చూపిచ్చింది. గా వానకాలమే జెరం వచ్చింది. నిజామాబాద్ దవాఖానకు తోల్కపోయినం. మల్ల తోల్క రాలే."

"ఇంకో ఫోటో లేదా అక్కా?"

"ఉన్న ఒక్కటి వాళ్ల బాపు గోదాట్ల కలిపిండు, చూస్కుంట బతకలేనని. గీ కాయితం నేను దాచిన. చూడ బుద్ధి గాలే, పారెయ్య బుద్ధి గాలే. నెమలి మీద అతికిచ్చి, తెల్లారి దాని మీద ఇంకోటి కప్పిన. గప్పటిసంది బీడీలు చేసినంతసేపు నా ఒళ్లెనే ఉన్నది. ఎవ్వల్కి చెప్పలే."

"మరి నన్నెందుకు తియ్యనిచ్చినవు?"

"నా అంతల నేను తియ్యలేకపోయిన. నువ్వు మీ అమ్మను దేవులాడుకుంట వచ్చినవు. నీ ఎంబడి నేను గూడ ఒక్కపారి చూస్త అనుకున్న." గ్లాసు కింద పెట్టింది. "నెమలి నీకిచ్చిన, ఇచ్చినట్టే. కని ఆమె మొఖం పోకుంట వస్తదా?"

కాగితం విషయంలో మార్కండేయ ఎన్నడూ అబద్ధమాడలేదు. "రాదక్కా. రెండు ఒక్కటయినయి. ఒకటి దక్కాల్నంటే ఒకటి పోవాలె."

వెంకటవ్వ తల ఊపింది. "అయితె నువ్వు కానియ్యి. నేను లోపలికి పోత." తలుపు దగ్గరగా వేసుకుంది.

అరుగు మీద ఆయనా, ఆ చాటా మిగిలారు. ఇన్నేళ్లు వెతికిన నెమలి వేలెడు దూరంలో ఉంది. ఎవరూ చూడటం లేదు, ఎవరూ కాదనలేదు. రుద్దాలని ఎంత అనిపించిందో ఆయనకే తెలుసు. కానీ రెండు జడల పిల్ల ఆయన వైపే చూస్తోంది. బతుకంతా అసలుది, అసలుది అని తిరిగినవాడి చేతిలో, లోకంలో ఇంకెక్కడా దొరకని కాగితం ఇప్పుడుంది. అది నెమలి కాదు. ఇందాక ఉండలు చుట్టి రాల్చిన ఇద్దరు పిల్లలు ఏ తల్లుల బిడ్డలో అనుకున్నాడు.

తడివేలు చొక్కాకు తుడుచుకున్నాడు. చెంచాను నెమలి కిందికి, వెదురుకూ దానికీ మధ్యకు పోనిచ్చాడు. రెండు కాగితాలనూ విడదీయకుండా ఒక్కటిగా చాట నుంచి ఊడదీసి, నీడలో ఆరనిచ్చి, తలుపు తట్టాడు.

"అయిపోయిందా?" అంది వెంకటవ్వ, నేల చూస్తూ.

"చూడక్కా."

ఆమె కాగితం అందుకుని వెలుగుకు పట్టుకుంది. కొంగుతో తుడవబోతే, "తుడువకు, రంగు పోతది," అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నవ్వుతున్నది పోరి," అంది. "ఇన్నేండ్లు నాకు దవాఖానల మొఖమే యాదికుండె తమ్మీ. గిట్ల నవ్వేదన్నది మర్చేపోయిన." ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. తర్వాత గుర్తొచ్చి నొచ్చుకుంది. "నీ నెమలి పోయె గదా."

"యాడ పోయింది, ఎనకనే ఉన్నది. అద్దమేసి తెచ్చిస్త."

"మీ అమ్మ ఎట్లుంటుండె?"

గుర్తులేదక్కా అనబోయాడు మార్కండేయ. ఎవరడిగినా చెప్పే జవాబు అదే.

"పన్ను మీద పన్నుండె," అన్నాడు. "షావుకారు మనిషి బీడీలు విరిచి పారేసినప్పుడల్ల, నేను బుగులు వడి ఏడ్వొద్దని, నా దిక్కు చూసి నవ్వేది."

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆ సంగతి గుర్తుందని ఆయనకే తెలియదు.